పాత స్పీకరు పెట్టె: ఏది మార్చాలి, దేని జోలికి పోకూడదు

పాత స్పీకరు పెట్టెలకు మళ్లీ రోజులొచ్చాయి. యాభై ఏళ్ల కిందట అమెరికాలోనో ఇంగ్లండులోనో తయారై, విదేశం నుంచి తిరిగొస్తూ ఎవరో మోసుకొచ్చిన జతలు ఇప్పుడు అటకల మీంచి కిందికి దిగుతున్నాయి. దుమ్ము దులిపి ఆంప్లిఫయరుకు కలపగానే పక్కనుంచి ఒక మాట వినిపిస్తుంది. "లోపల క్రాసోవరు అంతా పాతబడిపోయుంటుంది. మంచి ఇంపోర్టెడ్ కండెన్సర్లు, లావుపాటి కాయిళ్లు వేయించు. సౌండు ఎక్కడికో పోతుంది." ఎక్కడికో పోవడం మాత్రం నిజం. ఎక్కడికి పోతుందన్నదే ఇవాళ్టి విషయం.

ముందు క్రాసోవరు చేసే పని చెప్పుకుందాం. ఆంప్లిఫయరు నుంచి వచ్చే తీగలో అన్ని ధ్వనులూ కలిసే వస్తాయి. మృదంగం ఎడమ వైపు మోతా, తాళాల గలగలా, గాయని "స" అన్నప్పుడు పళ్ల మధ్య నుంచి జారే గాలీ అన్నీ అందులోనే ఉంటాయి. పెద్ద కోను ఉన్న వూఫరు మోతను బాగా పలుకుతుంది, గలగలను పలకలేదు. చిన్న ట్వీటరు గలగలను పలుకుతుంది, మోత దాని మీద పడితే కాలిపోతుంది. అందుకని ట్వీటరుకు వరసలో ఒక కండెన్సరు పెడతారు. అది కింది ధ్వనులను అడ్డుకుని పైవాటిని వదులుతుంది. వూఫరుకు వరసలో కాయిలు పెడతారు. అది పైవాటిని అడ్డుకుని కిందివాటిని వదులుతుంది. మట్టం సరిచేయడానికి ఒకటో రెండో రెసిస్టర్లు. ఎంత ఖరీదైన క్రాసోవరులోనైనా ప్రధానంగా ఈ మూడు జాతుల సామానే ఉంటుంది.

లెక్క కూడా ఒకటి చూద్దాం. 8 ఓముల ట్వీటరుకు 5 మైక్రోఫారడ్ల కండెన్సరు పెడితే దాదాపు 4000 హెర్ట్జ్ దగ్గర గీత గీసినట్టు. దాని కిందివి క్రమంగా తగ్గిపోతాయి. అదే 10 మైక్రోఫారడ్లు పెడితే గీత 2000 దగ్గరికి దిగుతుంది. అంటే కండెన్సరు మీద రాసి ఉన్న అంకె ధ్వనిని ఎక్కడ విడగొట్టాలో చెప్పే అంకె. మన ఊళ్లలో మైకు సెట్ల వాళ్లు ట్వీటరు వెనక ఒక్క నాన్‌పోలార్ (ప్లస్, మైనస్ తేడా లేని) కండెన్సరు అతికించి వదిలేస్తారు. అదీ క్రాసోవరే. దాన్ని చూసి నవ్వక్కర్లేదు. 1970లలో ఊపేసిన జేబీఎల్ ఎల్ 100 పెట్టెలో కూడా విడగొట్టే పనికి ఉన్నవి రెండే కండెన్సర్లు, ఒకటి 8, ఇంకొకటి 3 మైక్రోఫారడ్లు. వూఫరుకు కాయిలే లేదు. పిసినారితనమని అనిపించవచ్చు. కానీ ఆ వూఫరు పైకి వెళ్లే కొద్దీ తనంతట తానే తగ్గిపోతుంది, ఆ తగ్గుదలనే కంపెనీ వాడుకుంది. ఇవాళ ఎవరైనా "పాపం కాయిలు వేయడం మర్చిపోయారు" అని ఒకటి చేర్చితే అది ఇక ఎల్ 100 కాదు.

రేడియోలో మాట్లాడుతున్నాం కనుక రేడియో కోసమే పుట్టిన ఒక స్పీకరు సంగతి కాస్త వివరంగా చెబుతాను. దాని పేరు ఎల్.ఎస్. 3/5ఎ. బీబీసీ వాళ్లు స్టూడియో బయట, క్రికెట్ మైదానం దగ్గరో కచేరీ హాలు దగ్గరో వ్యాను నిలబెట్టి ప్రసారం చేసేవాళ్లు. ఆ ఇరుకు వ్యానులో ఇంజనీరు మొహానికి రెండడుగుల దూరంలోనే స్పీకరు ఉండాలి. స్టూడియోలో వాడే పెద్ద పెట్టెలు అందులో పట్టవు. హెడ్‌ఫోనుతో మనిషి గొంతు ఎంత సహజంగా ఉందో తేల్చడం కష్టం. సర్రేలోని కింగ్స్‌వుడ్ వారెన్‌లో బీబీసీ పరిశోధనా విభాగం ఉండేది. కట్టబోయే స్టూడియోల్లో ధ్వని ఎలా ఉంటుందో ముందే తెలుసుకోవడానికి అక్కడ ఎనిమిదో వంతు నమూనా గదులు కట్టి పరీక్షించేవాళ్లు. ఆ పరీక్షలకు తయారుచేసుకున్న చిన్న స్పీకరే ఈ పెట్టెకు మూలం. ఎత్తు సుమారు 30 సెంటీమీటర్లు, వెడల్పు 19, లోతు 16. దీని రూపకల్పన వివరాలతో హార్వుడ్, వాటన్, మిల్స్ అనే ముగ్గురు ఇంజనీర్లు రాసిన నివేదిక 1976లో వచ్చింది.

ఆ చిన్న పెట్టెలో వూఫరు, ట్వీటరు రెండూ కెఫ్ కంపెనీవి. వూఫరు పేరు బి 110, ట్వీటరు టి 27. రెండింటి మధ్య గీత 3000 హెర్ట్జ్ దగ్గర. ఇంతవరకు మామూలే. పెట్టె విప్పి క్రాసోవరు చూస్తే మాత్రం, ఇంత చిన్న పెట్టెకు ఇంత సామానా అనిపిస్తుంది. కారణముంది. ఆ వూఫరుకు 1000 హెర్ట్జ్ పైన ఒక చోట గొంతు కొంచెం ఉబ్బుతుంది. మనుషుల మాట వినేటప్పుడు చెవికి తగిలే చోటే అది. కాయిలు, కండెన్సరు, రెసిస్టరు కలిపి ఆ ఉబ్బును సరిగ్గా అక్కడే నొక్కే ఏర్పాటు క్రాసోవరులో చేశారు. ఇక ట్వీటర్ల సంగతి. ఒకే ఫ్యాక్టరీలో ఒకే రోజు తయారైనా ఒక ట్వీటరు కాస్త గట్టిగా, ఇంకొకటి కాస్త మెత్తగా పలుకుతుంది. అందుకని క్రాసోవరులో ఒక చిన్న ఆటో ట్రాన్స్‌ఫార్మరు పెట్టి, దానికి కొన్ని ట్యాపులు, అంటే తీగ అతికించే చోట్లు, ఇచ్చారు. తయారీ సమయంలో కొలిచి, ఆ ట్వీటరుకు ఏ ట్యాపు నప్పుతుందో దానికి తీగ అతికించేవాళ్లు. అంటే మీ చేతిలో ఉన్న పెట్టెలో ఆ తీగ ఎక్కడ అతుక్కుని ఉందో అది ఆ ఒక్క ట్వీటరు కోసం తీసుకున్న నిర్ణయం. శుభ్రం చేద్దామని తీగలన్నీ ఊడదీసి, ఏది ఎక్కడుందో రాసుకోకుండా మళ్లీ అతికిస్తే ఆ నిర్ణయం పోయినట్టే.

రోజర్స్, స్పెండర్, చార్ట్‌వెల్, హార్బెత్ లాంటి కంపెనీలు బీబీసీ దగ్గర లైసెన్సు తీసుకుని ఈ పెట్టెను తయారుచేశాయి. ఎవరు తయారుచేసినా ఒకేలా పలకాలన్నది షరతు. 1980ల చివర్లో డ్రైవర్లలో, అంటే వూఫరు, ట్వీటరు లాంటి పలికే భాగాల్లో, మార్పు వచ్చింది. అప్పుడు పాత క్రాసోవరునే తగిలించి ఊరుకోలేదు. క్రాసోవరును మళ్లీ రూపొందించారు. 15 ఓములుగా ఉన్న పెట్టె 11 ఓములైంది. సంగీతం ఇష్టపడేవాళ్ల మధ్య ఈ రెంటిలో ఏది గొప్పదన్న వాదన నేటికీ నడుస్తూనే ఉంది. దాన్ని తేల్చే పని నేను పెట్టుకోను. డ్రైవరు కాస్త మారితే క్రాసోవరు మొత్తం మళ్లీ తూచుకోవాల్సి వచ్చిందన్నది మాత్రం గుర్తుపెట్టుకోవాలి. క్రాసోవరు ఆ డ్రైవర్లకు కొలిచి కుట్టింది. మంచి సామాను తెచ్చి దాన్ని విడిగా "మెరుగు" పరచడం కుదరని పని.

మరైతే ఏమీ ముట్టుకోకూడదా? అలా అనడం లేదు. వయసు మీద పడే సామాను కొంత ఉంది, పడని సామాను కొంత ఉంది. రాగి తీగ చుట్టిన కాయిలుకు వయసు లేదు. కాలకపోతే, పూత రాలకపోతే యాభై ఏళ్లకూ అదే విలువ. సిమెంటు రెసిస్టరు బాగా వేడెక్కి మాడితే తప్ప పెద్దగా మారదు. ప్లాస్టిక్ ఫిల్ము కండెన్సర్లు కూడా దశాబ్దాల పాటు ఉన్నచోటే ఉంటాయి. వయసు మీద పడేది ఎలక్ట్రోలిటిక్ కండెన్సరుకు. అందులో అల్యూమినియం రేకుల మధ్య ద్రవంలో తడిపిన కాగితం ఉంటుంది. ఆ తడి ఏళ్ల తరబడి నెమ్మదిగా ఆరిపోతుంది. ఆరే కొద్దీ విలువ అటో ఇటో జారుతుంది, లోపలి నిరోధం పెరుగుతుంది. వేడి పెరిగితే ఆరడం తొందరవుతుంది. ఎలక్ట్రానిక్సులో పాత లెక్క ఒకటుంది: పది డిగ్రీల వేడి తగ్గితే ఇలాంటి కండెన్సరు ఆయుష్షు దాదాపు రెట్టింపు, పది పెరిగితే సగం. చల్లటి లండన్ ఇంట్లో ఉన్న పెట్టె వేరు. రెంటచింతలలోనో రామగుండంలోనో రేకుల కప్పు కింద అటక మీద వేసవులు గడిపిన పెట్టె వేరు. సముద్రపు గాలి తగిలే మచిలీపట్నం, విశాఖ ఇళ్లలో ఇంకో బాధ ఉంటుంది. స్విచ్చులు, టెర్మినళ్లు పచ్చబడి తుప్పు పడతాయి. వయసు పడే రెండో చోటు ఈ కాంటాక్టులే.

దీనికి అమెరికా నుంచి ఒక ఉదాహరణ చెబుతాను. మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో ఎడ్గర్ విల్చర్, హెన్రీ క్లోస్ 1954లో ఎకౌస్టిక్ రీసెర్చ్ అనే కంపెనీ పెట్టారు. గాలి చొరబడకుండా మూసిన చిన్న పెట్టెలోంచి లోతైన బేస్ రప్పించి పేరు తెచ్చుకున్నారు. వాళ్ల ఏఆర్ 3 వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంగ్రహాలయానికి చేరింది. దాని తర్వాతిది ఏఆర్ 3ఎ, 1960ల చివరిది. 12 అంగుళాల వూఫరు, మధ్య ధ్వనులకు ఒక మిడ్ డోము, ఒక చిన్న ట్వీటరు డోము. 575 హెర్ట్జ్ దగ్గర ఒక గీత, 5000 దగ్గర ఇంకొక గీత. కండెన్సర్లు 6, 50, 150 మైక్రోఫారడ్లవి. వెనక రెండు తిప్పుడు కంట్రోళ్లు ఉంటాయి, మిడ్‌కు ఒకటి, ట్వీటరుకు ఒకటి.

ఈ కంట్రోళ్లే దాని ప్రాణం మీదికి తెచ్చాయి. లోపల తీగ చుట్ట మీద రాసుకుంటూ తిరిగే లోహపు పట్టీ తుప్పు పడుతుంది. ఒక స్థానంలో ట్వీటరు పలుకుతుంది, కొంచెం తిప్పితే గరగరమంటుంది, ఇంకా తిప్పితే మూగపోతుంది. అప్పుడు యజమాని ట్వీటరు కాలిపోయిందనుకుంటాడు, లేదా కండెన్సరు చచ్చిపోయిందనుకుంటాడు. నిజానికి ఆ కంట్రోలు విప్పి, తుప్పు గీకి, కాంటాక్టు శుభ్రం చేస్తే సగం పెట్టెలు బతికి లేస్తాయి. ఖర్చు దాదాపు లేదు. మరీ పాడైతే బదులుగా ఎల్‌ప్యాడ్ అనే కొత్త కంట్రోలు వేసుకోవచ్చు, కాకపోతే పాతదాని నిరోధంతో సరిపోయేలా లెక్క చూసుకోవాలి.

ఇక అదే పెట్టెలోని కండెన్సర్ల సంగతికి వద్దాం. 6 మైక్రోఫారడ్లదాన్ని మంచి ఫిల్ము రకంతో మార్చవచ్చు, చిన్నదే కాబట్టి చోటు పడుతుంది. 150 దానికి ఫిల్ము కావాలంటే కొబ్బరిబొండాలంత గుత్తి అవుతుంది, ఖర్చూ అంతే. అక్కడ కొత్త నాన్‌పోలార్ ఎలక్ట్రోలిటిక్ వేస్తే చాలు. సిగ్గుపడాల్సిన పనేమీ లేదు, కంపెనీ వేసింది కూడా ఖరీదైనదేమీ కాదు.

ఇక్కడే అసలు మెలిక. ఎలక్ట్రోలిటిక్ స్థానంలో ఫిల్ము వేస్తే చాలామంది "తెర తొలగిపోయినట్టుంది" అంటారు. నిజంగానే ఏదో మారుతుంది, దానికి మాయ అక్కర్లేదు. ఎలక్ట్రోలిటిక్‌కు లోపల కొంత నిరోధం ఉంటుందన్నాం కదా. 6 మైక్రోఫారడ్ల దాంట్లో అది ఒక ఓము దాటి ఉండటం మామూలే. పాలీప్రొపిలిన్ ఫిల్ములో అది ఓములో నూరో వంతు. 8 ఓముల ట్వీటరుకు వరసలో ఉన్న ఓమున్నర తీసేస్తే ఎంత గట్టిపడుతుందో లెక్క కడితే డెసిబెల్ పైనే వస్తుంది. పై ధ్వనులన్నీ కలిసి డెసిబెల్ పైన పెరిగితే చెవికి తప్పక తెలుస్తుంది, వివరాలు ఎక్కువైనట్టు అనిపిస్తుంది. మరి రూపకర్త ఏం చేశాడు? ఆ కండెన్సరును, దాని నిరోధంతో సహా పెట్టుకునే వినీ కొలిచీ మట్టం కట్టాడు. మా ఇళ్లలో వంట తెలిసినవాళ్లు ఇంట్లో ఉన్న కారం ఘాటు చూసి చెంచాలు వేస్తారు. ఆ డబ్బాలో గుంటూరు కారం పోసి అవే చెంచాలు వేస్తే పప్పు ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఫిల్ము వేయాలనుకుంటే వేయండి, దానికి వరసలో ఓమో, ఓమున్నరో ఉన్న చిన్న రెసిస్టరు కూడా వేయండి. విలువ పాత రకం కొత్త కండెన్సరు కొలిచి తెలుసుకోవాలి. ఆరిపోయిన పాతదాన్ని కొలిచి కాదు, దాని నిరోధం ఇప్పటికే పెరిగిపోయి ఉంటుంది.

కాయిలుకూ ఇదే నియమం. సన్న తీగ కాయిలు తీసి బొటనవేలంత రాగి తీగ వేస్తే మంచిదని అమ్మేవాళ్లు చెబుతారు. సన్న తీగకు ముప్పావు ఓము నిరోధం ఉండేది, కొత్తదానికి పావు ఓము. వూఫరు అర డెసిబెల్ పైకి లేస్తుంది, పెట్టెలో గాలితో దాని సరాగం కూడా మారుతుంది. బేస్ బిగిసిందని ఒకరంటారు, పలచబడిందని ఇంకొకరంటారు. ఇద్దరూ విన్నది నిజమే. అది కంపెనీ ఉద్దేశించింది కాదు, అంతే. పైగా కాయిళ్లను పాతవి ఉన్న దిక్కునే బిగించాలి. ఒకదాని పక్కన ఒకటి ఒకే దిక్కుకు పెడితే ఒకదాని అయస్కాంతం రెండోదాంట్లోకి దూరుతుంది.

జర్మనీ ముండోర్ఫ్, డెన్మార్క్ జాన్ట్‌జెన్ కండెన్సర్లు వాడాలా అని అడుగుతారు. మంచి సామానే, విలువలో నికరంగా ఉంటాయి. వాటిలోని వెండి రేకు, నూనె రకాలకు పదింతల ధర పెట్టడం నా దృష్టిలో అనవసరం. మైక్రోఫారడ్లు అవే, నిరోధం అదే అయితే ధరకు తగ్గ తేడాను పేరు చూడకుండా విని ఎవరైనా పసిగట్టినట్టు నాకు తెలియదు. "వంద గంటలు పలికిస్తే గానీ తెరుచుకోదు" అనే మాట కూడా అలాంటిదే. ఆ వంద గంటల్లో అలవాటుపడేది చెవి.

ఇక పని మొదలుపెట్టేవాళ్లకు ఒకటి రెండు మాటలు. క్రాసోవరు విప్పేముందు డ్రైవర్లు చూడండి. వూఫరు అంచున ఉండే ఫోము మన వాతావరణంలో ముట్టుకుంటే రాలిపోయే స్థితికి వస్తుంది. కొన్ని ట్వీటర్లలో అయస్కాంతపు ద్రవం గడ్డకట్టి గొంతు పూడుకుపోతుంది. ఇవి చూడకుండా కండెన్సర్లు మార్చితే డబ్బు దండగ. విప్పాక ముందు ఫోన్‌తో ఫొటోలు తీయండి, తీగల రంగులు కాగితం మీద రాయండి. ట్వీటరు తీగలు తారుమారైతే గీత దగ్గర ధ్వనిలో గుంట పడుతుంది. కండెన్సరును కొలవాలంటే ఒక కాలు ఊడదీయాలి, లేకపోతే పక్క సామాను కలిసి మీటరు అబద్ధం చెబుతుంది. మామూలు మల్టీమీటరు విలువ చూపిస్తుంది గానీ లోపలి నిరోధం చూపదు. దానికి ఎల్.సి.ఆర్. మీటరు కావాలి, ఇప్పుడు చవకవే దొరుకుతున్నాయి. కొలిచి చూస్తే పాతది రాసిన విలువకు పదిశాతం లోపల, నిరోధం తక్కువగా ఉంటే దాన్ని అలాగే వదిలేయండి.

సామానుకు హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీ ఉంది, చెన్నైలో రిచీ స్ట్రీట్ ఉంది. "అన్నా, ఆరు పాయింట్ ఎనిమిది ఎన్‌పీ ఉందా?" అంటే వాళ్లకు అర్థమవుతుంది. ఎన్‌పీ అంటే నాన్‌పోలార్. మైక్రోఫారడ్‌ను వాళ్లు ఎంఎఫ్‌డీ అంటారు. వోల్టేజి వందకు తగ్గకుండా చూసుకోండి. నాన్‌పోలార్ దొరక్కపోతే రెండు మామూలు (ప్లస్, మైనస్ ఉన్న) ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లను మైనస్‌కు మైనస్ కలిపి వరసలో వేసే పద్ధతి కూడా ఉంది. అప్పుడు విలువ సగమవుతుందని మరవకండి, 10లు రెండు కలిస్తే 5. ఒక్క మామూలుది మాత్రం ఎన్నటికీ వేయకూడదు. ధ్వని అటూ ఇటూ తిరిగే కరెంటు, ఆ కండెన్సరు దాన్ని భరించదు.

జతలో రెండు పెట్టెలకు ఒకే విలువలు పడాలి. దుకాణంలో నాలుగు కొని కొలిచి, దగ్గరగా ఉన్న రెండింటిని ఎంచుకోండి. ఇంకో మాట, నాకు చాలా ముఖ్యమనిపించేది: రెండు పెట్టెలూ ఒకేసారి మార్చకండి. ఒకదానికి మార్చి, రెండోది పాతదిగానే ఉంచి, ఒకే ధ్వనిని మోనోలో అటూ ఇటూ మార్చి వినండి. ముందు మీకు తెలిసిన మనిషి గొంతు వినండి, వార్తలైనా సరే. పాట తర్వాత. బీబీసీ ఇంజనీర్లు తమ పెట్టెలను తూచడానికి మనుషుల మాటను బాగా వాడేవాళ్లు. కొత్తది గట్టిగా ఉందా, మెరుగ్గా ఉందా అన్నది అప్పుడు తేలుతుంది. అప్పుడే రెండోదాని జోలికి వెళ్లండి.

ఊడదీసిన కండెన్సర్లు, రెసిస్టర్లు పారేయకండి. ఒక కవరులో వేసి, ఏది ఎక్కడిదో, ఎప్పుడు మార్చారో చీటీ రాసి పెట్టె లోపలే అతికించండి. ఇంకో ముప్పై ఏళ్లకు ఆ పెట్టె విప్పే మెకానిక్‌కు కంపెనీ అసలు ఏం చేసిందో తెలియడానికి అదొక్కటే దారి.